కొమ్ము లేని ఒంటికొమ్ము గుర్రం సాక్షిగా

ప్రతి ఉదయం, చర్చి గడియారం ఎనిమిది గంటలు కొట్టడం ఇంకా పూర్తి కాకముందే, చేపల హెక్టర్, లిన్‌కార్డీ ఊళ్ళో సంతవీధిలోని శిలువ మెట్లెక్కి, చేతిగంట మూడుసార్లు మోగించి, తనకు కొత్తగా ఏమైనా దొరికిందో లేదో ఊరందరికీ చాటేవాడు. వానొస్తే టోపీ పెట్టుకుని చాటేవాడు. మంచు పడితే ముందు మెట్లు ఊడ్చి, తర్వాత చాటేవాడు. ఆ పెద్దాయనకున్న పిచ్చల్లా అదొక్కటే. లోకంలో అందరికీ వస్తువులు పోతుంటాయి. హెక్టర్ పిట్‌కెయిర్న్‌కు మాత్రం దొరుకుతూ ఉంటాయి.

"వినండి! వినండి! వినండి! ఈ మెట్టు మీద ఒక జత బూట్లు దొరికాయి. నల్లవి. ఎడమ బూటులో బొటనవేలి దగ్గర దూది కుక్కి ఉంది. ఎవరివో వాళ్ళు వచ్చి తీసుకెళ్ళండి, ఎవరూ ఏమీ అడగరు. ఇకపోతే, గుర్రం కొమ్ము ఇంకా దొరకలేదు. తీసుకున్నవాళ్ళు తెచ్చి మెట్టు మీద పెట్టండి, ఎవరూ ఏమీ అడగరు. గుర్రం సాక్షి!"

గుర్రమంటే శిలువ కొసన కూర్చున్న రాతి గుర్రం. పేరుకి అది శిలువే కాని అడ్డకమ్మీ అంటూ ఏమీ లేదు. ఎనిమిది పలకల మెట్లు, వాటి మీద ముళ్ళపువ్వులూ ద్రాక్షతీగలూ చెక్కిన నిలువెత్తు స్తంభం, పైన ఒంటికొమ్ము గుర్రం. ఆ ఒక్క కొమ్మూ ఎప్పుడో విరిగిపోయింది కనక అది ఉత్త గుర్రమై కూర్చుంది. పూర్వం రాజుగారి శాసనాలన్నీ ఆ మెట్ల మీదే చదివేవారట. అక్కడ చదివారంటే ఊరంతా విన్నట్టే లెక్క, నాకు తెలియదనడానికి ఎవరికీ వీల్లేదు. హెక్టరు ఆ చట్టాన్ని ఇంకా అమల్లో ఉంచిన ఏకైక పౌరుడు. చాటింపు అయ్యాక మెట్లు దిగి, పక్కనే నిలిపిన తన చేపల వ్యాను కిటికీ పైకెత్తి, హాడక్ చేపలు కొయ్యడం మొదలుపెట్టేవాడు.

కానిస్టేబుల్ ఇష్‌బెల్ మెల్‌డ్రమ్ ఎబర్డీన్ నుంచి బదిలీ మీద వచ్చిన మొదటి రోజున ఈ చాటింపు విని నవ్వుకుంది. రెండో రోజున కూడా నవ్వుకుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆమెకు నవ్వు ఆగి సందేహం పట్టుకుంది. పుట్టుకతోనే ఆమెకు అన్నీ ఎందుకూ ఎలాగూ అని అడిగే గుణం. పోలీసు ఉద్యోగంలో చేరిందీ అందుకే, చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ సరిగ్గా జవాబులు చెప్పలేదని.

స్టేషన్లో ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఎడమ పేజీలో పోయిన వస్తువులు, కుడి పేజీలో దొరికిన వస్తువులు. హెక్టరు చట్టానికి కట్టుబడిన మనిషి కాబట్టి, తనకేది దొరికినా ఒక చీటీ రాసి స్టేషన్లో ఇచ్చేవాడు. కుడి పేజీలో ఆ ఆరునెలల్లో నలభై వస్తువులు చేరాయి. ఎడమ పేజీలో ఉన్నది ఒక్కటే, సార్జెంట్ డ్రైస్‌డేల్ గారి బాతు తల పిడి గొడుగు. అది ఎవరికీ దొరకలేదు.

"సార్, ఒక మాట అడగనా?" అంది ఇష్‌బెల్.

"వద్దంటే మానేస్తావా?" అన్నాడు సార్జెంటు టీ కప్పు దించకుండానే.

"మార్చి నెలలో ఈయనకి కుట్టుమిషను దొరికింది. కుట్టుమిషను పారేసుకున్న మనిషి అది చేతిలోంచి జారిపోయిన సంగతి తెలియకుండా ఇంటికెలా వెళ్ళింది సార్?"

"బరువు తగ్గిందని సంతోషించి ఉంటుంది."

"ఏప్రిల్లో పసిపిల్లల బండి. రెండు దుప్పట్లు. మేలో మూడు జతల బూట్లు. ఒక్కళ్ళయినా పోయాయని మనకి చెప్పలేదేం?"

"మాది మర్యాదస్తుల ఊరమ్మా. పోయిందని నలుగురిలో చెప్పుకోరు." సార్జెంటు కప్పు దించాడు. "ఒక్క సంగతి చెబుతాను విను. ముప్ఫై ఏళ్ళ కిందట, ఈయన చాటింపు మొదలుపెట్టిన కొత్తల్లో, గొప్ప చలి. ఒకరోజు బొగ్గుల మూట దొరికిందని చాటాడు. గుర్తులేమీ చెప్పలేదు. ఆ వీధిలో అయిదిళ్ళలో పొయ్యిలో బొగ్గులేదు. అయిదిళ్ళవాళ్ళూ ఏమన్నారో తెలుసా? అది పక్కింటివాళ్ళదై ఉంటుంది, వాళ్ళకే ఇయ్యండి అన్నారు. పక్కింటివాళ్ళు వాళ్ళ పక్కింటి వైపు చూపించారు. మూట తొమ్మిది రోజులు మెట్టు మీదే కూర్చుంది. గుర్రానికి తప్ప ఎవరికీ వెచ్చన లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది? అప్పట్నించీ గుర్తులు చెప్పడం నేర్చుకున్నాడు." అంతకు మించి చెప్పకుండా సార్జెంటు మళ్ళీ కప్పు ఎత్తాడు.

అదే వారం ఉత్తరం వచ్చింది. వచ్చే గురువారం జిల్లా ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, పుస్తకాలన్నీ చూస్తాడు. దొరికిన నలభై వస్తువులకు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు లేకపోతే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఇష్‌బెల్‌కు తెలుసు. ఇవన్నీ ఎవరింట్లోంచి దొంగిలించినవి? ఎవరివో చెప్పలేకపోతే ముసలాయన దొంగ అవుతాడు. ఆయన దొంగ అవునో కాదో తేల్చుకోవలసింది తను.

ఆధారం ఆదివారం దొరికింది, అదీ చర్చిలో. ప్రార్థనకు తలవంచిన ఇష్‌బెల్ ముక్కుకు పొగబెట్టిన హాడక్ వాసన తగిలింది. హెక్టరు కూర్చునే బల్ల చుట్టూ ఎప్పుడూ ఒక వరస ఖాళీగా ఉంటుందని అందరికీ తెలుసు. ఎవరో ఆ సంగతి ఫిర్యాదు చేస్తే పాదిరిగారు, "దేవుడికి చేపల వాసన కొత్తా? ఆయన వెంట తిరిగినవాళ్ళలో సగంమంది జాలర్లేగా" అని నవ్వి ఊరుకున్నాడు. కాని ఆ రోజు హెక్టరు అటు చివర ఉన్నాడు, వాసన ఇటు చివరి నుంచి వస్తోంది. ఇష్‌బెల్ కళ్ళు మూసుకుని, మనసులో దేవుడికి క్షమాపణ చెప్పుకుని, ప్రార్థన మానేసి వాసన చూసింది. ముందు బల్లలో ముసలమ్మ శాలువా. పక్కన కుర్రాడి బూట్లు. వెనక బల్లలో చిన్నపిల్ల నీలం కోటు. కుడి పేజీలో ఉన్నవన్నీ చర్చిలో కూర్చుని పాటలు పాడుతున్నాయి, అన్నీ హాడక్ కంపు కొడుతున్నాయి.

నీలం కోటు పిల్ల తల్లి నెట్టా కార్గిల్. నారబట్టల మిల్లు మూతపడ్డ తర్వాత పనిలేక ఇంట్లో ఉన్న నూటముప్ఫై మందిలో ఆమె ఒకతె. ప్రార్థన అయ్యాక ఇష్‌బెల్ గుమ్మం దగ్గర ఆమెను పలకరించింది.

"మీ ఎల్స్‌పెత్ కోటు ఎక్కడ పోయిందండీ?"

"బయట."

"ఎప్పుడు?"

"దొరకడానికి ముందు."

"అంతకు ముందు మీదేనా అది?"

నెట్టా చెయ్యి తనంతట తనే వెళ్ళి పిల్ల కాలరు మీద పడింది. చలికి ఎర్రబడ్డ ముఖం ఇంకా ఎర్రబడింది. "మాదే. ఆయన చెప్పిన గుర్తులన్నీ సరిపోయాయి. ఎడమ చేతికి అరంగుళం మడత విప్పి ఉందన్నాడు. మా పిల్లకి ఎడమ చెయ్యి కాస్త పొడుగు. అది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇంకెవరి కోటవుతుంది మరి?"

"అమ్మా, నా కోటు తీసుకుపోతారా?" అంది ఎల్స్‌పెత్.

"లేదులే. పోలీసమ్మ కోటు బాగుందని చెబుతోంది. అంతేగా?"

నెట్టా అడిగింది ఇష్‌బెల్‌ను. అడిగిన తీరు చూస్తే బతిమాలినట్టే ఉంది. "చాలా బాగుంది" అని ఇష్‌బెల్ గబగబా అనేసి బయటపడింది. ఆ పిల్ల కోటు కథ పుస్తకంలోకి ఎక్కితే, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట అది వాళ్ళది కాదని అనేస్తారు. ఆ తర్వాత ఆ కోటు మళ్ళీ ఆ పిల్ల ఒంటి మీదికి రాదు, తల్లి రానివ్వదు. దారిలో ఇష్‌బెల్‌ను కొరికేసిన ప్రశ్న మాత్రం వేరే. ఇంట్లోవాళ్ళకే తెలిసిన ఆ అరంగుళం హెక్టరుకెలా తెలిసింది?

మంగళవారం పొద్దున, చాటింపు అయ్యాక ఆమె వ్యాను కిటికీ దగ్గర నిలబడింది. ఆ రోజు దొరికింది ఒక ఇనప కెటిల్, నలభై ఒకటో వస్తువు. మూత మీద పిడి బదులు బొత్తం కట్టి ఉందని గుర్తు.

"హాడక్ రెండు ముక్కలా తల్లీ?" అన్నాడు హెక్టరు.

"ఒక్క ముక్క. ఒక్క జవాబు. కార్గిల్ వాళ్ళ పిల్ల ఎడమ చెయ్యి పొడుగని మీకెవరు చెప్పారు?"

కత్తి ఆగింది. హెక్టరు కిటికీ అంచును వేలితో తట్టాడు. "ఇది చెప్పింది. దీని ఎత్తు నాలుగడుగులు. పిల్లలు పొట్లం అందుకోవాలంటే చెయ్యి చాపాలి. చేయి చాపితే మణికట్టు బయటికొస్తుంది. ఎంత బయటికొస్తే కోటు అంత పొట్టయినట్టు. ఇంక పెద్దవాళ్ళంటావా, నలుగురున్న ఇంటికి నాలుగు ముక్కలు కొనేవాళ్ళు మూడు కొంటే, ఒకళ్ళకి ఆకలి లేదంటారు. రెండు కొంటే డాక్టరు వద్దన్నాడంటారు. ఈ ఊళ్ళో ఎవరికి ఏం కరువో చేపలమ్మేవాడికి తెలిసినంత పాదిరిగారికి కూడా తెలియదు."

"మరి ఆ వస్తువులు?"

"జవుళి కొట్టాయన సరుకిచ్చి డబ్బుకి బదులు వారానికి నాలుగు చేపలు తింటాడు, బూట్లు కుట్టేవాడు మూడు తింటాడు. వాళ్ళ పెళ్ళాలకి నన్ను చూస్తేనే విసుగు, మళ్ళీ చేపేనా అని. వ్యానులో పెట్టి తెస్తాను. వాసన పడుతోందని ఎవరూ అనలేదే ఇంతదాకా."

"అనరు. మర్యాదస్తులు. నాకు మాత్రం చర్చిలో నా ముక్కే చెప్పింది."

హెక్టరు చేతులు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు సంగతి అంతా విని, కాసేపు గుర్రం వైపు చూసి, రెండు మణికట్లూ కిటికీలోంచి బయటికి చాపాడు. "దొంగిలించానని రాసేసుకో."

"ఏమిటిది పిట్‌కెయిర్న్ గారూ!"

"వేళాకోళం కాదమ్మా. దొంగని రాస్తే నేనొక్కణ్ణే పోతాను. ఉన్నది రాస్తే నలభై ఒక్క ఇళ్ళ పేర్లు రాయాలి. ఆ పిల్ల కోటు విప్పేస్తుంది. ఆ ముసలమ్మ శాలువా తెచ్చి నా మొహాన కొడుతుంది. వీళ్ళు చలికి చస్తారు గాని ఊరికే ఇస్తే పుచ్చుకోరు. పోయింది దొరికిందంటే మాత్రం, ఒకటి రెండు మాటలు నన్నే తిట్టి తీసుకెళ్తారు, ఇన్నాళ్ళు ఎందుకు అట్టేపెట్టుకున్నావని. మూడో గడపలో ఆవిడయితే కుట్టుమిషనుకి నూనె ఎందుకు వెయ్యలేదని కూడా దులిపేసింది."

ఇష్‌బెల్ చేప పొట్లం తీసుకుని స్టేషనుకు వెళ్ళింది. పుస్తకం తెరిచి, ఎడమ పేజీ వంక చాలాసేపు చూసింది. అబద్ధం రాయడానికి ఆమె చెయ్యి రాదు. నిజం రాయడానికి మనసు రాదు. పొట్లంలో చేప తన వాసన తాను ప్రచారం చేసుకుంటోంది. ఉన్నట్టుండి ఆమెకు నవ్వొచ్చింది. అసలీ వస్తువులు కొన్నదెవరు? హెక్టరు. మెట్టు మీద వదిలేసిందెవరు? హెక్టరు. తన వస్తువును తనే సంతవీధిలో వదిలేసి వచ్చినవాణ్ణి ఏమంటారు?

గురువారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వానలో వచ్చాడు, గొడుగుతో వచ్చాడు. ఆ గొడుగు పిడి మీద బాతు తల చూసి సార్జెంటు డ్రైస్‌డేల్ నోరు తెరిచాడు. కిందటేడు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కూడా వానే. సార్జెంటు తెరిచిన నోరు మెల్లిగా మూశాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సవరించుకుని ఎడమ పేజీ చదివాడు. "స్త్రీల శాలువా, పోగొట్టుకున్నది హెక్టర్ పిట్‌కెయిర్న్. బాలికల కోటు, పోగొట్టుకున్నది హెక్టర్ పిట్‌కెయిర్న్. పసిపిల్లల బండి... కుట్టుమిషను... నలభై ఒక్క వస్తువులు! అన్నీ ఒక్క మనిషే పారేసుకున్నాడా?"

"అవును సార్" అంది ఇష్‌బెల్.

"ఈయనకి బాలికల కోటెందుకు?"

"అందుకే సార్, పారేసుకున్నది."

ఇన్‌స్పెక్టరు కుడి పేజీ చూశాడు. "దొరికింది కూడా ఈయనకేనే!"

"మతిమరుపు మనిషి సార్. తనే పారేసుకుంటాడు, తనకే దొరుకుతాయి, తనవని గుర్తుండదు. మరుసటి రోజుకల్లా ఎవరో ఒకరికి ఇచ్చేస్తాడు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు."

ఇన్‌స్పెక్టరు సార్జెంటు వైపు చూశాడు. సార్జెంటు గొడుగు వైపు చూస్తున్నాడు. "పాపం. ఇంట్లో చూసుకునేవాళ్ళెవరైనా ఉన్నారా ఆయనకి?"

"ఊరంతా చూసుకుంటుంది సార్."

"మంచిది. ఒక కన్నేసి ఉంచండి" అని సంతకం పెట్టి, సార్జెంటు గొడుగు వేసుకుని, ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు.

వాన వెలిసిన సాయంత్రం ఇష్‌బెల్ ఈ కబురు చెప్పడానికి వ్యాను దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళోకెల్లా మతిమరుపు మనిషిగా ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కానని విని హెక్టరు చాలా సంబరపడ్డాడు. తర్వాత కిటికీ బల్ల మీద తడి తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"నలభై ఒకటీ సరిపోయాయన్నావు. ఇంకొకటుంది."

"గొడుగేగా? అది జిల్లా ఆఫీసులో ఉంది."

"గొడుగు కాదు. కొమ్ము."

"కొమ్ము దొరకలేదని మీరేగా రోజూ చాటేది?"

హెక్టరు చుట్టూ చూశాడు. చేపలు చుట్టే కాగితాల దొంతర మీద, గాలికి ఎగరకుండా, మూరెడు పొడుగు రాయి ఒకటి ఎప్పుడూ పెట్టి ఉండేది. కొవ్వొత్తిలా సన్నగా, మెలికలు మెలికలుగా. ఇష్‌బెల్ ఆరునెలలుగా వారానికి రెండుసార్లు ఆ రాయి కింది కాగితంలోనే చేపలు కట్టించుకుంటోంది. ఆయన రాయి ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు. అదే క్షణంలో గాలి వీచి కాగితాలన్నీ సంతవీధి మీదికి లేచిపోయాయి. పోలీసు మనిషీ చేపల మనిషీ కాసేపు వాటి వెంట పరుగెత్తారు. రెండు కాగితాలు శిలువ స్తంభానికి అతుక్కున్నాయి. ఒకటి ఏకంగా గుర్రం మెడకి చుట్టుకుంది.

"చూశావా," అన్నాడు హెక్టరు ఆయాసపడుతూ, "ఇన్నేళ్ళూ తిరిగి ఇవ్వకపోవడానికి ఇదొక కారణం."

"అసలు కారణం చెప్పండి."

"పదేళ్ళవాణ్ణి. హెర్రింగ్ చేప ఒకటి కొమ్ముకి గుచ్చి వస్తానని పందెం వేశాను. చేపని గుచ్చాను, కొమ్ము చేతికొచ్చింది. మర్నాడు ఊరి పెద్దలంతా సభచేసి, పిడుగు పడిందని తీర్మానించారు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. అంత పెద్దవాళ్ళు పిడుగంటే కాదని నేనెలా అనను?"

"తర్వాతైనా?"

"నలభై దాటాక ధైర్యం తెచ్చుకుని, ఒప్పుకుందామనే ఆ మెట్లెక్కాను. గంట కొట్టాను. జనం వచ్చారు. నోరు పెగలలేదు. ఏదో ఒకటి అనాలి కదా, నా చేతి తొడుగులు విప్పి ఇవి దొరికాయన్నాను. వేళ్ళు నీలంగా ఉన్న ఒకావిడ ముందుకొచ్చి, నావే అంది. ఇచ్చేశాను. మర్నాడు మళ్ళీ ఎక్కాను ఒప్పుకుందామని. ముప్ఫై ఏళ్ళుగా రోజూ అందుకే ఎక్కుతున్నాను. ఎవరైనా కనిపెట్టి అడుగుతారేమోనని దీన్ని కాగితాల మీద బాహాటంగా పెట్టాను. ఒక్కళ్ళూ అడగలేదు. అందరూ చేపల వంకే చూస్తారు."

ఇష్‌బెల్‌కు ఆయన రోజూ చేసే చాటింపు గుర్తొచ్చింది. తెచ్చి మెట్టు మీద పెట్టండి, ఎవరూ ఏమీ అడగరు. అన్నేళ్ళూ ఆ మాట ఎవరికి చెప్పుకుంటున్నాడో ఇప్పుడు తెలిసింది. ఆమె తన టార్చిలైటు తీసి మిగిలిన కాగితాల మీద బరువుగా పెట్టింది.

"నేనేం చెయ్యాలి?"

ఊళ్ళో ఎవరి దగ్గరా ఏ సాయమూ పుచ్చుకోని మనిషి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "రేపు పొద్దున నా బదులు నువ్వు ఎక్కు తల్లీ. ఇది మెట్టు మీద దొరికిందని నువ్వు చాటు. నేను కింద నిలబడి అందరితోపాటు ఆశ్చర్యపోతాను."

"గుర్తులేం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకు. గుర్రానిదని అంటే చాలు, వేరే ఎవరూ నాదని రారు."

ఆమె కొమ్మును జాగ్రత్తగా కోటు లోపల పెట్టుకుని, రెండడుగులు వేసింది.

"అమ్మాయీ!" హెక్టరు వ్యాను కిటికీలోంచి సగం బయటికి వంగాడు. "ఇంకొక్క సాయం. ఇంటికెళ్ళగానే దాన్ని వేడినీళ్ళలో వేసి, సబ్బు పెట్టి, బాగా తోము. నీలాంటి ముక్కు ఊళ్ళో ఇంకొకటి ఉందంటే నా బతుకేం కాను!"